పాట ఎత్తేది ఎవరు?

ఒక ఊరి ఆరాధన ఎవరి చేతుల్లో ఉందో తెలుసుకోవాలంటే అక్కడ పాట ఎత్తేది ఎవరో చూస్తే చాలు. మన కొండ ఊళ్ళలో పండగైనా, పెళ్ళైనా, చావైనా ఒకరు పాట ఎత్తుతారు, మిగిలినవారు వంత పాడతారు. దానికి పుస్తకం అక్కర్లేదు. పాట తెలిసినవారే పెద్దలు. క్రైస్తవం వచ్చాక మన ఊళ్ళలో వచ్చిన మార్పుల గురించి చాలా మాట్లాడుకున్నాం గాని, పాట ఎత్తే మనిషి మారిపోయిన సంగతి అంతగా పట్టించుకోలేదు. మన ఊళ్ళలో చర్చికి వెళ్ళేవారూ ఉన్నారు, ఊరి దేవతకు మొక్కేవారూ ఉన్నారు. ఏది మంచిది, ఏది కాదు అన్న తగవు ఇక్కడ పెట్టుకోవడం లేదు. ఆరాధనలో మన గొంతుకు, మన భాషకు ఎంత చోటుంది అన్నదే మన ప్రశ్న.

ఈ ప్రశ్న గిరిజనులు ఒక్కరే అడిగింది కాదు. ఒకప్పుడు పశ్చిమ యూరప్ చర్చిల్లో ఆరాధన లాటిన్‌లో సాగేది. గురువులు, గాయక బృందాలు పాడుతుంటే జనం ఎక్కువగా వినేవారు. 1524లో జర్మన్ భాషలో ఒక చిన్న పాటల పుస్తకం అచ్చయింది. అందులో ఉన్నవి 8 పాటలే. వాటిలో 4 మార్టిన్ లూథర్ రాసినవి. సామాన్యులు తమ భాషలో పాడుకోవాలన్నదే ఆ పని వెనుక ఉన్న ఆలోచన. కతోలిక సంఘం కూడా 1963లో రెండో వాటికన్ మహాసభలో ప్రజల భాషల్లో ఆరాధనకు దారి తెరిచింది. సొంత సంగీత సంప్రదాయం ఉన్న జాతుల సంగీతానికి తగిన గౌరవం, తగిన చోటు ఇవ్వాలని ఆ సభ పత్రంలోనే రాశారు.

తెలుగు క్రైస్తవుల దారి కూడా ఇలాంటిదే. మిషనరీలు తమతో తెచ్చుకున్న పాటలకు తెలుగు మాటలు కట్టి ఇంగ్లీషు బాణీల్లోనే పాడించేవారు. ఆ బాణీలో తెలుగు మాట ఇమడదు. పొడుగు అక్షరం పొట్టిదవుతుంది, పొట్టిది సాగుతుంది. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) ఈ చిక్కును విప్పినవారిలో ముఖ్యులు. 1833లో బాప్తిస్మం పొందిన ఆయన తెలుగువారికి తెలిసిన రాగతాళాల్లో వందకు పైగా కీర్తనలు కట్టారు. ఈనాటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటల పైన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి.

అయితే గిరిజనులమైన మనం ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇంగ్లీషు బాణీ తెలుగువారికి ఎంత పరాయిదో, కర్ణాటక రాగం మన కొండలకు అంత పరాయిది. పల్లంలో పాట సొంతమయింది, సంతోషమే. ఆ పాటే కొండెక్కి వచ్చినప్పుడు మాత్రం మనం మళ్ళీ అరువు గొంతుతోనే పాడవలసి వచ్చింది. తెలుగువారు తమ కోసం చేసుకున్న పని మన కోసం మనమే చేసుకోవాలి.

ఆ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) ఈ దారిలో ఒక మెట్టు కట్టారు. సవరలతో మాట్లాడి వారి భాష నేర్చుకున్నారు, వారి పిల్లల కోసం బడులు పెట్టించారు. మద్రాసు ప్రభుత్వం 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును అచ్చువేసింది. సవర మాటను కాగితం మీద పెట్టవచ్చని ఆ పని చూపింది. మాట కాగితం మీదికి వచ్చింది గాని, పాట ఎత్తే చోటు మాత్రం మరోవైపు జారింది.

సవరల పాత ఆచారంలో చనిపోయినవారితో మాట్లాడించేది కుడాన్. ఈ పని చేసేవారిలో ఆడవాళ్ళు చాలామంది. ఆమె పాడుతూ పాడుతూ పూనకంలోకి వెళ్తుంది. చనిపోయినవారు ఆమె నోటితో మాట్లాడతారని నమ్మకం. ఇంటివాళ్ళు వారితో ఏడుస్తారు, పోట్లాడతారు, సర్దుకుంటారు. వెరియర్ ఎల్విన్ 1955లో వచ్చిన తన పుస్తకంలో ఈ ఆచారాన్ని వివరంగా రాశారు. 1970ల నుంచి ఒడిశా సవరల మధ్య తిరిగిన పియర్స్ విటెబ్‌స్కీ తరువాత జరిగిన మార్పును చూశారు. కొత్త తరం బాప్టిస్టు సంఘంలో చేరింది. అక్కడ ముందు నిలబడింది చదువు వచ్చిన మగపిల్లలు. చేతిలో బైబిలు, పాటల పుస్తకం ఉన్నవాడు నాయకుడయ్యాడు. అక్షరం రాకపోయినా వందల పాదాలు నోటికి వచ్చిన ముసలమ్మ వెనక వరసలోకి వెళ్ళింది. చదువు మనకు బలమే, అందులో సందేహం లేదు. కాని ఆ బలం వస్తూ వస్తూ ఎవరిని పక్కకు జరిపిందో టీచర్లమైన మనం తెలుసుకోవాలి.

ఇది తప్పదనుకోనక్కర్లేదు. మిజోల చరిత్ర ఇంకోలా సాగింది. 1894లో లారెన్, శావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు మిజో కొండలకు వచ్చి రోమన్ అక్షరాలతో మిజో భాషకు లిపి ఏర్పరచారు. పాటలు చాలావరకు ఇంగ్లీషు నుంచి అనువాదమై, ఆ బాణీల్లోనే వచ్చాయి. మిజోల డోలు పేరు ఖువాంగ్. అది విందులతో, జూ అనే బియ్యపు మద్యంతో ముడిపడినదని మొదట్లో దాన్ని చర్చిలోకి రానివ్వలేదు. 1906లో అక్కడ ఉజ్జీవం మొదలైంది. కొద్ది ఏళ్ళకే పూమా జాయ్ అనే కొత్త పాట ఊరూరా పాకింది. అది చర్చి పాట కాదు, పాత పద్ధతిలో ఆడి పాడే పాట. జనం దాని వెంట పడ్డారు. జనానికి కావలసిన పాట ఎలాంటిదో దీంతో తెలిసిపోయింది.

తర్వాతి ఉజ్జీవాల్లో, ముఖ్యంగా 1919 తరువాత, మిజోలే పాటలు కట్టడం మొదలుపెట్టారు. పటేయా, కామ్లాలా లాంటి కవులు పాత మిజో పాటల ఒరవడిలో కొత్త పాటలు అల్లారు. వాటిని లెంగ్‌ఖోమ్ జాయ్ అంటారు, అంటే కలిసి కూర్చుని పాడే పాటలు. బయట ఆగిన డోలు వీటితోపాటు లోపలికి వచ్చింది. ఈనాడు మిజో చర్చిలో పాట నడక డోలు వాయించేవారి చేతిలో ఉంటుంది. చావు జరిగిన ఇంట్లో జనం చేరి రాత్రంతా ఈ పాటలే పాడతారు. అలాగని వారు నేర్చుకున్నది వదల్లేదు. డో రే మీలను అక్షరాలతో రాసే స్వరలిపిని నేర్చి, దాన్ని చూసి నాలుగు గొంతుల్లో పాడే బృందాలూ మిజోల్లో ఎన్నో ఉన్నాయి. పరాయి విద్యను నేర్చుకున్నారు, సొంత డోలునూ నిలుపుకున్నారు.

మన పెద్దలు కొందరు దీనికి అభ్యంతరం చెబుతారు. ఈ వాద్యం దేవతది, ఈ పాట చావుది, దీన్ని చర్చికి తీసుకుపోతే మర్యాద చెడుతుంది అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. పూజకు మాత్రమే వాడే వాద్యాన్ని, పూనకపు పాటను ఎవరూ అడక్కుండా ఎత్తుకుపోకూడదు. కాని నాట్ల పాటల వరసలు, పిల్లల్ని నిద్రపుచ్చే పాటలు, పెళ్ళి ఆటల అడుగులు ఊరందరివి. వాటిలో కొత్త మాటలు కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏది ఏ కోవలోదో చెప్పాల్సింది మాత్రం పెద్దలే.

ఇవాళ ఇంకో మార్పు కూడా వచ్చింది. మైకులు, కీబోర్డు, యూట్యూబులో నేర్చిన పాటలు చర్చికి వచ్చాయి. వేదిక మీద నలుగురు పాడతారు, కింద జనం వింటారు. శబ్దం పెరిగింది గాని వంత తగ్గింది. లూథర్ కాలానికి ముందు జనం ఎలా కూర్చునేవారో, మన జనం మళ్ళీ అలా కూర్చుంటున్నారు. తప్పు కీబోర్డుది కాదు. పాట ఎత్తేవాడి పని తాను బాగా పాడటం ఒక్కటే కాదు, అందరి చేత పాడించడం. గొంతు ఎత్తుగా పట్టుకుంటే ముసలివాళ్ళు అందుకోలేరు. పాదం అందించి ఆగకపోతే చదువు రానివాళ్ళు పలకలేరు. నిదానంగా అందించి, జనం తిరిగి అన్నాకే ముందుకు వెళ్ళే పద్ధతి మన ఊరి పాటల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

కనుక యువతకు, తోటి ఉపాధ్యాయులకు మన విన్నపం ఇది. ఊళ్ళో పాటలు తెలిసిన ఆడవాళ్ళెవరో పిల్లల చేత జాబితా రాయించండి. వారు సరేనంటేనే సెల్‌ఫోనులో రికార్డు చేయండి. ఎవరు పాడారో, ఏ సందర్భపు పాటో పక్కనే రాయండి. తెలుగు లిపిలో రాసేటప్పుడు మన భాషలో ఉన్న, తెలుగులో లేని శబ్దాలకు ఒక గుర్తు పెట్టుకుని అందరూ అదే వాడండి. చర్చికి వెళ్ళేవారైతే నెలకు ఒక ఆదివారమైనా సొంత భాషలో పాట కట్టి పాడండి. ఆ పాట ఎత్తే పని మొదట ఒక అవ్వకు ఇవ్వండి, పుస్తకం పట్టుకున్న పిల్లలు వంత పాడతారు.