బడి ఫీజు ఎవరు మోయవలెను?

జూన్ మాసము వచ్చినదనగా మన ఇండ్లలో ఒక దిగులు మొదలగును. రామన్నపేట చుట్టునున్న సిరిపురము, వెల్లంకి వంటి నేత గ్రామములలో మగ్గము కూలి గాని, మెట్టచేని పంట గాని ఏటేట ఒకే తీరున చేతికి రాదు. బడి ఫీజు మాత్రము గడువునకు కట్టవలసినదే. ఫాదరుగారి బడిలో చదివించుకొనవలెనని ఎంతో ఆశపడిన తల్లి, ఫీజు మాట వినగానే బిడ్డ చేయి పట్టుకొని వెనుకకు తిరుగును. ప్రియ సహోదరులారా, ఈ దిగులు క్రొత్తది కాదు. శ్రీసభ దీనిని ఎనిమిది వందల ఏండ్లకు పూర్వమే ఎరిగియున్నది.

1179లో రోమాపురిలో కూడిన మూడవ లాతరాను మహాసభ, ప్రతి ప్రధాన దేవాలయమందును ఒక ఉపాధ్యాయుడు ఉండి బీద పిల్లలకు ఉచితముగా చెప్పవలెనని కట్టడ చేసెను. మరి అతడు బ్రదుకుట ఎట్లు? దేవాలయపు ఆదాయమునుండి అతనికి జీవనము ఏర్పరచవలెనని ఆ సభయే నిర్ణయించెను. ఉచిత విద్య యనగా ఖర్చులేని విద్య కాదు. ఆ ఖర్చును బీదవానికి మారుగా మరియొకరు మోయుట.

1597లో పునీత జోసఫ్ కలసాంజ్ రోములో బీదల బిడ్డలకు ఫీజు లేని పాఠశాల తెరచెను. ఫ్రాన్సు దేశమున పునీత జాన్ బాప్తిస్తు దెలాసాల్ 1683లో తన ఆదాయపు పదవిని విడిచి, కరవుకాలమున ఆస్తిని ఆకలిగొన్నవారికి పంచి, ఉచిత పాఠశాలలు నడిపెను.

మన సీమలో ఈ భారమును చాలకాలము గురువులు, కన్యస్త్రీలు తమ కష్టముతో మోసిరి. నేడు బోధించువారిలో ఎక్కువమంది సంసారులు. వారికి న్యాయమైన జీతము ఇయ్యక తప్పదు. ఫీజు పెరుగుటకు ఇదియొక కారణము. 2009 విద్యాహక్కు చట్టము ప్రైవేటు బడులలో నాలుగవ వంతు సీట్లు బీదలకు ఇయ్యవలెనన్నది. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు ఆ చట్టము వర్తింపదని తీర్పు చెప్పెను. చట్టము విడిచినను మనస్సాక్షి విడుచునా?

కర్నూలు జిల్లాలో 1961లో పుట్టిన పూల ఆంతోని అను బాలుడు పేదరికము వలన ఏడవ తరగతితో చదువు మానెను. మిషనరీలు చూచి మరల బడికి పంపిరి. ఆయనయే 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమింపబడిరి. 1976లో ఏర్పడిన మన నల్లగొండ మేత్రాసనము ఆ అగ్రపీఠమునకు చేరినదే. 2022 ఆగష్టు 27న ఆయన కార్డినల్ అయిరి. దళితులలో ఆ పదవి పొందిన మొదటివారు ఆయనే. ఆనాడు ఆ ఫీజును మరియొకరు మోయకున్న ఏమై యుండును?

కావున బడి పెద్దలారా, ఫీజు కట్టలేని బిడ్డను తరగతి ముందర నిలువబెట్టకుడి. తండ్రిని ఏకాంతముగా పిలిచి మాటలాడుడి. విచారణలోని తల్లులారా, పొయ్యిమీద ఎసరు పెట్టునపుడు ప్రభువు పేరట పిడికెడు బియ్యము తీసిపెట్టుడి. ఏడాది పొడుగున అట్లు కూడిన బియ్యము అమ్మి, మన ఊరి బిడ్డ ఒక్కరి ఫీజు కట్టుదము. ఇరుగుపొరుగు బిడ్డ బడి మానినచో, ఆ నష్టము ఆ ఇంటిది మాత్రమే కాదు, మన సంఘమంతటిది.