జాతీయ జట్టు ఆగినా లీగ్ ఆగలేదు: ఐస్‌లాండ్ ఆడవాళ్ల ఫుట్‌బాల్ కథ



ఆటల మాట వస్తే మనలో చాలామంది అనే మాట ఒకటుంది. "మనమెంతమందిమి? మనకు టీమ్ ఎవరు పెడతారు?" అని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఐస్‌లాండ్ గుర్తొస్తుంది. ఆ దేశపు ఆడవాళ్ల ఫుట్‌బాల్ లీగ్ చరిత్రను ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా. ఓపికగా చదవండి.

ఐస్‌లాండ్ ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఒక దీవి. అగ్నిపర్వతాలు, మంచు, చేపల వేట. దేశం మొత్తం జనాభా 4 లక్షల లోపే. ఇప్పటి మన ఆదిలాబాద్ జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 7 లక్షల మంది ఉన్నారు. అంటే ఒక దేశం మొత్తం కలిపినా మన ఒక్క జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ, అంతే.

అక్కడ ఆడవాళ్ల లీగ్ 1972లో మొదలైంది. తొలి ఛాంపియన్ ఎఫ్‌హెచ్ అనే క్లబ్. మూడేళ్ల తర్వాత, 1975 అక్టోబర్ 24న, ఆ దేశపు ఆడవాళ్లలో దాదాపు 90 శాతం మంది ఒక్క రోజు ఇంటి పని, బయటి పని రెండూ ఆపేశారు. తమ పనికి విలువ ఎంతో చూపించడానికి. లీగ్ పెరిగింది అలాంటి కాలంలో.

జాతీయ జట్టు మాత్రం ఆలస్యంగా వచ్చింది. మొదటి మ్యాచ్ 1981లో, స్కాట్లాండ్ మీద. 3-2తో ఓడిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లు ఆడారు. 1987 తర్వాత ఫుట్‌బాల్ సంఘం ఆ జట్టును పక్కన పెట్టేసింది. 1992 దాకా దేశం తరఫున ఆడటానికి ఆడవాళ్లకు జట్టే లేదు!

ఒక్కసారి ఆలోచించండి. 1987లో 18 ఏళ్లున్న ఒక అమ్మాయి ఎంత బాగా ఆడినా, 23 ఏళ్లు వచ్చేదాకా దేశం జెర్సీ వేసుకునే దారే లేదు. ఆటగాళ్లకు అవి ఎంత విలువైన ఏళ్లో ఆడినవాళ్లకు తెలుసు.

కానీ లీగ్ ఆగలేదు. 1988, 1989లో వాలుర్ క్లబ్ గెలిచింది. 1990, 1991, 1992లో వరసగా బ్రెయిదాబ్లిక్ గెలిచింది. పైన జట్టు లేకపోయినా కింద ప్రతి ఎండాకాలం మ్యాచ్‌లు జరిగాయి, కొత్త పిల్లలు వచ్చారు. పైకప్పు లేచిపోయినా గుంజలు నిలబడి ఉంటే ఇల్లు మళ్లీ కప్పుకోవచ్చు కదా. 1992లో జరిగింది అదే. జట్టును మళ్లీ పెట్టినప్పుడు ఆడేవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

చిన్న ఊళ్లు ఏం చేశాయో కూడా చూడాలి. ఉత్తరాన అకురేరి అనే ఊళ్లో థోర్, కేఏ అని రెండు క్లబ్‌లున్నాయి. వాటికి ఒకదానికొకటి పడదు. కానీ ఆడవాళ్ల జట్టు విషయంలో రెండూ కలిసి ఒక్క టీమ్ పెట్టాయి. ఆ టీమ్ 2012లో, మళ్లీ 2017లో రాజధాని చుట్టుపక్కల పెద్ద క్లబ్‌లను దాటి లీగ్ గెలిచింది.

చలికాలంలో అక్కడ బయట ఆడటం కష్టం. 2000 నుంచి పైకప్పున్న పెద్ద మైదానాలు కట్టడం మొదలుపెట్టారు. పిల్లలకు నేర్పించడానికి శిక్షణ పొందిన కోచ్‌లను పెట్టారు. ఆడపిల్లలూ మగపిల్లలూ అవే మైదానాల్లో ఆడారు.

ఫలితం 2008 అక్టోబర్‌లో కనిపించింది. ఐస్‌లాండ్ బ్యాంకులు కుప్పకూలిన నెల అది. అదే నెలలో ఆడవాళ్ల జట్టు రేక్యావిక్‌లో ఐర్లాండ్‌ను 3-0తో ఓడించి 2009 యూరో కప్‌కు వెళ్లింది. మగవాళ్ల జట్టు యూరోకు వెళ్లింది 2016లో. అంటే ఏడేళ్లు ముందే ఆడవాళ్లు దారి తొక్కారు. 2013లో క్వార్టర్ ఫైనల్ దాకా పోయారు. 2024 జూలైలో ఎన్నోసార్లు యూరో గెలిచిన జర్మనీని 3-0తో ఓడించారు.

అంతా బాగుందని కాదు. లీగ్‌లో ఆడేవాళ్లు చాలామంది చదువుకుంటూనో ఉద్యోగం చేసుకుంటూనో ఆడతారు. జాతీయ జట్ల బోనస్ ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానం చేసింది 2018లో. లీగ్ మొదలైన 46 ఏళ్లకు!

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్దగా అనిపించేది యూరో కప్ కాదు, 1988 నుంచి 1991 దాకా గడిచిన ఆ నాలుగు ఎండాకాలాలు. పైకి వెళ్లే దారి మూసేసినా, పేపర్లలో పేరు రాకపోయినా, ఏడాదికేడాది మ్యాచ్ పెట్టినవాళ్లు, ఆడినవాళ్లు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. తర్వాత వచ్చినవాళ్లు నిలబడింది మాత్రం వాళ్ల భుజాల మీదే.

కాబట్టి మన దగ్గర ఎవరైనా ఆడపిల్లల టోర్నమెంట్ పెడితే, "ఒక్కసారి పెట్టి ఏం లాభం" అనకండి. వచ్చే ఏడాది కూడా పెడదామని అనండి. ఆ మాట మీద నిలబడితే చాలు.