కాల్చిన రొట్టె: తీపి, కారము
విందునకు కాల్చిన రొట్టెముక్కలు పెట్టినచో, పరదేశపు తిండియని పెద్దలు పెదవి విరుతురు. కాని మన తీరమునకు ఈ పరిచయము నిన్నటిది కాదు. 1611లో ఆంగ్లేయుల ‘గ్లోబ్’ ఓడ మచిలీపట్నము చేరినది. ఆనాటి నావికుల ఆహారము గట్టి బిస్కత్తు. ఆ మాటకు లాటిన్ మూలార్థము ‘రెండుమార్లు కాల్చినది’. తేమ పోయినందున అది నెలల తరబడి నిలిచెడిది. హైదరాబాదువారు రొట్టెముక్కలను నేతిలో వేయించి, పాకమున నానబెట్టి ‘డబుల్ కా మీఠా’ గావించిరి.

పమిడిముక్కల వరిసీమ. అయిననేమి? మనము కాల్చిన ముక్కలలో సగమునకు నెయ్యి, బెల్లపు పాకము, సగమునకు ఉల్లి, పచ్చిమిరప చేర్చుదము. వడ్డించుటకు ముందే చేర్చవలెను. తేమ తగిలిన కరకర పోవును. మిరపయు పోర్చుగీసువారి వెంట వచ్చినదే! దానిని మనదన్న మనము రొట్టెను పరాయిదనుట న్యాయమా?