థావ్ర్యా తరుణ్ ఎట్ల అయిండు? తండా పేర్ల వెనక చరిత్ర

 

పోస్టు పొడుగ్గ ఉంటది, తీరిగ్గ ఉన్నప్పుడు చదవండి. మన పేర్ల గురించి రాస్తున్న.

2014 మే 25న మన సిరికొండ మండలం పాకాల బిడ్డ ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేండ్లు కూడా నిండలేదు. మలావత్ పూర్ణ పేరు దేశమంతా వినపడ్డది. పూర్ణ అనే పేరు ఏ కులంలనైనా, ఏ ఊర్లనైనా ఉంటది. కాని మలావత్ తండాల తప్ప ఇంకెక్కడ ఉంటది? ఒకరు మలావత్ అని, ఇంకొకరు మాలావత్ అని రాస్తరు. అసలు దాని అర్థమేందని అడిగినోళ్లు తక్కువ. మనల్నే అడిగితే మనకైనా తెలుసా? అందుకే అక్కడినుంచే మొదలుపెడ్త.

ఈ "వత్", "ఓత్" అనే తోక ఊరికే రాలేదు. రాజస్థాన్ దిక్కు షెఖావత్‌లు ఉన్నరు, అంటే రావ్ షెఖా అనే ఆయన సంతతి. మార్వాడ్‌ల చాంపావత్, కూంపావత్ అని రాథోడ్ శాఖలున్నయ్, అంటే చాంపా సంతతి, కూంపా సంతతి. మన రామావత్, మేఘావత్, కేతావత్, మలావత్, బానోత్ కూడా అదే అచ్చుల పోసినయ్. ముందున్నది ఒక పెద్దమనిషి పేరు, వెనకున్నది "వాని పిల్లలు" అనే మాట. ఇంగ్లీషోళ్లు జాన్ కొడుకును జాన్సన్ అన్నట్టు. అట్లని "మనం అసలు రాజపుత్రులం" అని ఎగిరే వీడియోలను నేను నమ్మను. పేరు కట్టే పద్ధతి ఒక్కటైతే దారి ఒక్కటని తెలుస్తది గాని, రాజు కొడుకులమని తేలదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట వేల మైళ్లు నడిచినోళ్ల పిల్లలం మనం. మొఘల్ సైన్యాలు దక్కన్ మీదికి దిగితే వాళ్లకు తిండి అందించింది మన బిడార్లే. అది చిన్న సంగతా?

ఈ పాడల పేర్లకు పెద్ద పనే ఉంది. భూక్యా అంటే రాథోడ్. వడ్త్యా అంటే జాదవ్. పమార్ అంటే పవార్. మూడ్, కొర్రా, పాల్త్యా చౌహాన్ కిందికొస్తయ్. ఇద్దరు గోర్‌లు సంతల కలిస్తే మొదలు అడిగేది ఇదే, ఎందుకంటే ఒక్క గోత్‌ల ఉన్నోళ్లు అన్నదమ్ములు, పెండ్లి కుదరదు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఢాడి వచ్చి పాట పాడితే దాంట్ల వంశమంతా ఉంటుండె. మనిషి పేరే కాయితం, నోరే రిజిస్టర్.

ఇప్పుడు సొంత పేర్లకు వద్దాం. నాకు దీంట్లనే మస్తు ఇష్టం.

దీత్యా, సోమ్లా, మంగ్యా, బుద్యా, సుక్యా, థావ్ర్యా. ఆడపిల్లలైతే సోమ్లీ, మంగ్లీ, థావ్రీ. ఇయ్యి పుట్టిన వారాల పేర్లు. సోమవారం సోమ్లా, మంగళవారం మంగ్లీ అని ఎవరైనా చెప్తరు. మరి థావ్ర్యా? థావర్ అంటే శనివారం. చుట్టుపక్కల చూడండి. తెలుగోళ్లు శనివారం అంటరు. మరాఠోళ్లు శనివార్ అంటరు. నిజామాబాద్ ఉర్దూల హఫ్తా అనో సనీచర్ అనో అంటరు. ఎవ్వల నోట్ల థావర్ లేదు. ఆ మాట రాజస్థాన్‌ల ఉంది. ఆదివారాన్ని దీత్‌వార్ అనేది కూడా అక్కడిదే. వందల ఏండ్ల కింద బయల్దేరిన చోటు మాటను మన ముసలోళ్లు ఏ పుస్తకం లేకుండ ఇక్కడిదాక మోసుకొచ్చిన్రు, మనుమని పేరుల పెట్టి. థావ్ర్యా అంటే నవ్వే పిల్లలు ఇది తెలుసుకోవాలె.

ఇది మన ఒక్కరి పద్ధతి కూడా కాదు. ఆఫ్రికాల ఘనా దేశంల అకాన్ జనం ఇట్లనే పెడ్తరు. శుక్రవారం పుట్టినోడు కోఫీ, శనివారం పుట్టినోడు క్వామే. ఐక్యరాజ్యసమితి పెద్ద కోఫీ అన్నన్ మన లెక్కల సుక్యా. ఘనాకు స్వాతంత్ర్యం తెచ్చిన క్వామే ఎన్‌క్రుమా మన థావ్ర్యా. ఆయన అమెరికాల చదివేటప్పుడు ఫ్రాన్సిస్ ఎన్‌క్రుమా. తర్వాత ఆ చర్చి పేరు పక్కకు పెట్టి శనివారం పేరుతోనే ప్రపంచానికి తెలిసిండు.

ఇంకొకటి దగ్గరిది. బిర్సా అనేది గురువారం పుట్టినోడికి ముండాలు పెట్టే పేరు. ఆయన పుట్టినరోజని మనం జరుపుకునే 1875 నవంబర్ 15 క్యాలెండర్‌ల సోమవారం పడ్తది. ఆ తేదీ మీద చరిత్రకారులకు ఎట్లాగూ అనుమానాలున్నయ్. నేనైతే పేరు దిక్కే ఉంట. మన తండాల సగం మందికి సర్టిఫికెట్‌ల జూన్ 1 పుట్టిన తేదీ ఉంటది, బడిల చేర్పించేటప్పుడు సారు రాసింది. సోమ్లా అనే పెద్దమనిషి సర్టిఫికెట్ చూసి ఆయన ఏ వారం పుట్టిండో చెప్పలేం. పేరు పిలిస్తే చెప్తం.

వారాలు కాకుండ వేరే దారులున్నయ్. హీర్యా, మోతి, రూప్లా అంటే వజ్రం, ముత్యం, వెండి. భిక్యా, భిక్లీ కొంచెం బాధ పేర్లు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈ బిడ్డ అడుక్కుంటే దొరికిందని పెట్టేది. ఊర్లల్ల పెంటయ్య, భిక్షపతి, మరాఠోళ్లల్ల కచ్రు అదే బాధల పుట్టినయ్. ఎవరి తల్లి కడుపైనా ఒక్కటే. హోలీకి ఆ ఏడు పుట్టిన మగపిల్లలకు ధూండ్ చేస్తరు కదా, కొన్ని తండాల్ల పేరు పిలుసుడు కూడా అప్పుడే. రాజస్థాన్‌ల ఇప్పటికీ హోలీకి ధూండ్ చేస్తరు. ఆడపిల్లలకు ఎందుకు లేదని మన చెల్లెళ్లు అడుగుతరు. అడగాల్సిందే.

మరి ఈ పేర్లు ఎప్పుడు ఆగినయ్?

రైళ్లు, రోడ్లు వచ్చినంక ఎద్దుల మీద సరుకు మోసుడు పడిపోయింది. తిరిగేటోళ్లు తండాలు కట్టుకుని ఒక్క జాగల కూసున్నరు. నిజాం సర్కార్ లంబాడీలను నేరస్తుల జాతి అని అనుమానంతోని చూసింది. బ్రిటిషోళ్లు 1871ల తెచ్చిన చట్టం నీడ ఇక్కడ కూడా పడ్డది. తర్వాత భూమి పట్టా, చెరకు కోతల కూలి లెక్క, రేషన్ కార్డు, బడి హాజరు పుస్తకం. పేరు నోట్ల నుంచి కాయితం మీదికి వచ్చింది. రాసేటోడు మాత్రం మనోడు కాదు. థావ్ర్యా అని చెప్తే ఒక చోట తావుర్య, ఇంకో చోట తౌర్య, మరో చోట తవర్యా నాయక్. నాయక్ అంటే తండా పెద్ద. ఒక తండాకు ఒక్కడే ఉండేది. కాయితంల అందరూ నాయక్‌లే అయిన్రు! వరంగల్, ఖమ్మం దిక్కు బానోత్ బానోతు అయింది, ఎందుకంటే తెలుగు నోటికి చివర అచ్చు లేకుంటే పడదు. మన దిక్కు మహారాష్ట్ర గాలికి బానోత్ కన్నా రాథోడ్, పవార్ ఎక్కువైనయ్. గోండు అన్నలకు కూడా ఇదే తిప్పలు. కుమ్రం వాళ్ల ఇంటిపేరు. భీం పేరు ముందు దాన్ని కొమరం, కొమురం, కుమురం అని ఎన్ని తీర్ల రాసిన్రో చూడండి.

ఇది ఉత్త ముచ్చట కాదు. 1976 సవరణ చట్టంతోనే కదా తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలకు వచ్చింది. సరిహద్దు దాటి నాందేడ్ జిల్లాకు పోతే అదే గోత్, అదే బోలి, కాని అక్కడ విముక్త జాతి కింద లెక్క. అందుకే మన దగ్గర కుల ధ్రువపత్రం కోసం పోతే తండ్రి కాయితం, తాత కాయితం పక్కపక్కన పెట్టి చూస్తరు. తౌర్య, తావుర్య ఒక్కడేనా అని అడిగితే పిలగాడు ఏం చెప్తడు? నేను ఒక ఆఫీసు ముంగట మూడు రోజులు నిలబడ్డ, మా దాదా పేరుల ఒక్క "వు" కోసం. ఆయన ఎప్పుడు సంతకం పెట్టలే. ఆ "వు" ఆయనది కాదు, రాసినోడిది.

అమెరికాల ఇంకా ఘోరం చేసిన్రు. 1879ల కార్లైల్ అనే ఊర్ల మూలవాసుల పిల్లలకు బడి పెట్టిన్రు. లకోటా పిలగాడు ఓటా క్టే ఆడికి పోయిండు. బోర్డు మీద తెల్లోళ్ల పేర్లు రాసి, ఒకటి చూపించమన్నరు. చదువు రాని పిలగాడు బెత్తంతోని ఒకటి చూపిస్తే లూథర్ అయిండు. తర్వాత లూథర్ స్టాండింగ్ బేర్ అని పుస్తకాలు రాసి, ఈ సంగతి ఆయనే చెప్పిండు. మనకు ఎవరూ బెత్తం ఇయ్యలే. మనమే చూపించినం. హాస్టల్ల నవ్వుతరని, ఇంటర్వ్యూల అడుగుతరని, థావ్ర్యా మనుమడు తరుణ్ అయిండు, సోమ్లీ మనుమరాలు శ్రావణి అయింది. తప్పని నేననను. నా పేరు కూడా అట్లాంటిదే. పేరుతోని దెబ్బలు తిన్నోళ్లకు పేరు మార్చుకునే హక్కు ఉంటది.

కాని ఉల్టా నడిచినోళ్లు కూడా ఉన్నరు. పాటల మంగ్లీ అసలు పేరు సత్యవతి. టీవీల మంగ్లీ అయినంకనే జనం గుర్తు పట్టిన్రు. నిజాం కాలంల లంబాడీల బతుకు మీద 2010ల ఇంగ్లీష్ పుస్తకం తెచ్చిన చరిత్ర ప్రొఫెసర్ పేరు భంగ్యా భూక్యా. అట్ట మీద రెండు మాటలూ తండావే.

సెలవులకు ఇంటికి పోయినోళ్లు ఒక పని చేయండి. దాదా, దాదిల పేర్లు, వాళ్ల తల్లిదండ్రుల పేర్లు వాళ్ల నోటితోనే చెప్పించి ఫోన్ల రికార్డ్ చేయండి. మొదలు వినండి, తర్వాత రాయండి. నేను మా దాదిది చేసిన. మొత్తం పదకొండు నిమిషాలు. ఐదు తరాల పేర్లు ఏడు నిమిషాల్ల చెప్పింది. మిగిలిన నాలుగు నిమిషాలు నాకు ఈ పేరెందుకు పెట్టిండని మా బాపును తిట్టుడే.