మోటబావి కట్టుడు

పుల్లలు ఇంకొన్ని ఎగదొయ్యి బిడ్డా, చలి గట్టిగనే ఉన్నది. మీ కాలంల ఈత కొలనులు ఉండెనా తాతా అని అడిగినవు గద, చెప్త ఇను. మా ముదిగొండ చేన్లల్ల మోటబావులే మాకు ఈత నేర్పినయి. అయితే వాటిని తవ్వింది ఈతకు కాదు, పంటకు. ఆ బావిల సోకు కోసం పెట్టిన రాయి ఒక్కటి ఉండేది కాదు.

ముందు మోట సంగతి ఇను. ఒడ్డు మీద నుంచి బావి దిక్కు ఎత్తుగ, అవతలికి వాలుగ మట్టిదారి పోసేటోళ్లు. బావి ఎంత లోతో దారి అంత పొడుగు. ఎద్దులు వాలుకు దిగుతుంటే వాటి బరువే నీళ్లను పైకి గుంజేది. మోట తోలేటాయన మోకు మీద కూసుంటే ఆయన బరువు గూడ కలిసేది. తోలు మోటకు కింద తొండం ఉండేది. పైన గిలక మీద మోకు, కింద నున్నటి కర్ర మీద తొండం తాడు. మోట ఒడ్డుకు రాంగనే తొండం తొట్లెకు వాలి, నీళ్లు వాటంతటవే కాలువల పడేటియి. వంచేటందుకు ఇంకో మనిషి అక్కరలేదు.

లోపల రాతి కట్టుడు. సందుల సున్నం పెట్టకపోయేది, ఊట రావాలె గద! గోడల నుంచి పొడుచుకొచ్చిన బండలే మెట్లు. పూడిక తీసేటోళ్లు దిగేటందుకు పెట్టినయి అవి. మాకు ఎక్కను, దుంకను అక్కరకొచ్చినయి. కొత్తగ వచ్చిన పోరగాండ్లకు నడుముకు జీలుగు బెండ్లు గానీ ఎండిన సొరకాయ బుర్ర గానీ కట్టి దింపేటోళ్లు. ఈత వచ్చినకొద్దీ ఒక్కొక్క బెండు తీసేసేటోళ్లు.

మన ఖమ్మం ఖిల్లల జాఫర్ బావి చూసినవా? జాఫరుద్దౌలా పేరు మీదున్న మెట్లబావి. ఎండకాలం నీళ్లు కిందికి పోతే ఇంకొన్ని మెట్లు తేలుతయి, వానకాలం మునుగుతయి. ఏ కాలమైనా నీళ్ల దాక నడిచిపోవచ్చు. లూయీ సల్లివాన్ అనే అమెరికా ఆయన 1896ల రాసిండట, కట్టడం రూపు దాని పనిని బట్టే ఉండాలని. ఆ మాట పుస్తకంలకు ఎక్కకముందే మన వడ్డెరోళ్లు గడ్డపారతోని చేసి చూపిచ్చిండ్రు. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు.

ఒక్కటి మాత్రం దాచొద్దు. ఆ బావులల్లకు అందరినీ దిగనియ్యకపోయేది. దప్పికైన మనిషిని కులం అడిగి ఒడ్డు మీద నిలబెట్టిండ్రు. కట్టుడు గొప్పదే, ఆ కట్టుబాటు పాడుది.

తర్వాత కరెంటు మోటర్లు వచ్చినయి. 1967ల నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిండ్రు, ఎడమ కాలువ మన జిల్లా దాక వచ్చింది. పంటలు పెరిగినయి, మంచిదే. ఆ ఎనుక బోర్లు పడ్డయి. ఎద్దులు పోయినయి, మోట పోయింది, బావులు చెత్తకుండీలైనయి. ఈత రాని పిల్లలు కాలువలల్ల దిగి పానం మీదికి తెచ్చుకుంటున్నరు.

పాడుపడ్డది బాగుగాదని అనుకోకు. సికింద్రాబాదుల బన్సీలాల్‌పేట మెట్లబావి చెత్తతోని పూడి ఉండె. దాన్ని తోడి బాగుచేసి 2022 డిసెంబరుల మళ్ల తెరిచిండ్రు. గోల్కొండ కాడ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి మెట్లబావులను నిలబెట్టిన పనికి అదే ఏడు యునెస్కో మెచ్చి బహుమానం ఇచ్చింది.

అందుకే చెప్తున్న బిడ్డా. ఊరికొక్క బావినన్న పూడిక తీయుండ్రి. చుట్టూ గోడ కట్టుండ్రి. ఈత వచ్చిన పెద్దమనిషిని ఒడ్డు మీద కూసోబెట్టి ఆడపిల్లలకు, మగపిల్లలకు ఒక్కతీరుగ ఈత నేర్పుండ్రి. ఈసారి మాత్రం ఏ ఇంటి పిల్లనూ ఒడ్డు మీద ఆపొద్దు.