ప్రథమఫలమును బరిగెయు

కృష్ణానదికిఁ బడమటి డెల్టాలోని క్రైస్తవసంఘములు జరుపుకొను పండుగలలోఁ గోతపండుగ చరిత్ర విశేషముగా నాలోచింపఁదగినది. వరికుప్పలు నూర్చిన పిమ్మట తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములందలి విశ్వాసులు క్రొత్తవడ్లను, అరటిగెలలను, గుమ్మడికాయలను, కోళ్లను దేవాలయమునకుఁ దెచ్చి, సృష్టికర్తకుఁ గృతజ్ఞత చెల్లింతురు.

ఈ యాచారము వెనుక రెండు చరిత్రలు గలవు. మొదటిది నీటిది. 1833వ సంవత్సరపుఁ గఱవు గుంటూరుసీమలో లక్షకు మించి ప్రాణములను గొన్నది. 1852లో నారంభమై 1855లో ముగిసిన బెజవాడ యానకట్ట యీ భూములకుఁ గాలువనీ రిచ్చెను. రెండవది సువార్తది. 1842 జూలై 31వ తేదీని హయ్యరు దొర గుంటూరు చేరెను. ఆయన నాటిన లూథరను సంఘము తెనాలి, రేపల్లెలకు వ్యాపించి, 1927లో ఆంధ్ర సువిశేష లూథరను సంఘముగా నేర్పడెను. బాపట్లయందు అమెరికను బాప్టిస్టులు పనిచేసిరి.

ఈ సంఘములందుఁ జేరినవారిలోఁ బెక్కండ్రు మాలమాదిగ పల్లెలవారు. వారు నాటినది పరుల పొలము. కోసినది పరుల పంట. కూలిగా వచ్చిన గింజలనుండియే వారు కానుక దెచ్చిరి. భూమి లేనివాఁడు భూమికై దేవుని స్తుతించుటకన్న గంభీరమైన భక్తి వేఱొకటి గలదా? అయినను ఆ భక్తిని మెచ్చుకొని యూరకుండుట న్యాయము గాదని మా యభిప్రాయము. ప్రథమపన నర్పింపుమనిన లేవీయకాండము 23వ యధ్యాయమే, పొలము నంచులవఱకుఁ గోయక, పరిగె నేఱుకొనక, బీదలకును పరదేశులకును విడువుమని విధించినది. 25వ యధ్యాయము ఏడవయేట నేలకు విశ్రాంతి నిమ్మనుచున్నది. కృతజ్ఞత, దయ, భూమిరక్షణము: ఇది ముప్పేట త్రాడు. మనము మొదటిపేటను మాత్రమే పట్టుకొంటిమి. మన యూళ్లలోను బరిగె యేఱుకొను నాచారము చిరకాలము సాగినది. కోతయంత్రములు వచ్చిన పొలమున బీదకుఁ గూలియే తగ్గినది. ఇఁక దేవాలయమునఁ జూతమా, కానుకలను వేలము పాడునప్పుడు ధనికుని పంతము వినఁబడును గాని కూలివాని కృతజ్ఞత వినఁబడదు.

నేల మాట యట్లుండఁగా సముద్రము మాట వేఱు. 1977 నవంబరు 19వ తేదీని వచ్చిన యుప్పెన కృష్ణాముఖద్వార తీరమున సుమారు 10,000 మందిని బలిగొన్నది. కెరటముల వేగమును దగ్గించునవి మడయడవులు. నిజాంపట్నము, రేపల్లె ప్రాంతములందు వానిలోఁ గొంత రొయ్యలచెఱువులక్రిందఁ బోయినది. సృష్టికై స్తోత్రము చెల్లించి సృష్టిని నఱకుట యేమి భక్తి?

5వ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు వియెన్ను పట్టణమున మామెర్తు బిషప్పు ప్రార్థనలతోఁ గూడిన యూరేగింపులను నెలకొల్పెను. అవి పిమ్మటఁ బొలములను దీవించు యాత్రలుగాఁ బరిణమించెను. మన సంఘములును ఆరాధన ముగియఁగానే పొలముగట్టునకు నడచి, కోసినవారికిఁ గూలి ముట్టినదో లేదో విచారింపవలెను. వేలపుసొమ్ములోఁ గొంత మడమొక్కలకు వినియోగింపవలెను. కానుక యిచ్చిన చేయియే నేలను గాచినప్పుడుగాని పండుగ పూర్తికాదు.