ది సర్చర్స్: పగ సంగతి సరే, ఆ పిల్లని ఎవరైనా అడిగారా?

ఈరోజు ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడుతున్నాను. పాత ఎపిసోడ్ ఒకదాంట్లో జాన్ ఫోర్డ్ తీసిన 'ది సర్చర్స్' గురించి మాట్లాడుతూ, "పక్కా రివెంజ్ సినిమా, హీరో పగ తీర్చుకుని పిల్లని ఇంటికి తెస్తాడు" అనేశాను. నైట్ షిఫ్ట్‌కి వెళ్తూ క్యాబ్‌లో, ఫోన్‌లో, సగం నిద్రలో చూసిన సినిమా అది. మొన్న మా రూమ్‌లో నలుగురం కూర్చుని మళ్ళీ చూశాం. అయిపోయాక ఒకడు "మాస్టర్ పీస్" అన్నాడు, ఇంకొకడు "ఇంత జాత్యహంకారం ఉన్న సినిమాని ఎలా పొగుడుతార్రా" అన్నాడు. రాత్రి రెండింటిదాకా గొడవే. ఆ గొడవ వల్లే అసలు చరిత్ర చదివాను. చదివాక తెలిసింది, నేను చెప్పింది తప్పని.

ముందు కథ. 1868, టెక్సాస్. ఈథన్ ఎడ్వర్డ్స్ అంటే జాన్ వేన్, అంతర్యుద్ధంలో ఓడిపోయిన దక్షిణాది పక్షం సైనికుడు. చాలా ఏళ్ళకి అన్న ఇంటికి వస్తాడు. కొద్దిరోజులకే కొమాంచీలు దాడి చేసి ఇంటిని తగలబెట్టి, కుటుంబాన్ని చంపి, ఇద్దరు ఆడపిల్లల్ని ఎత్తుకుపోతారు. పెద్దమ్మాయి చనిపోతుంది. చిన్నపిల్ల డెబ్బీ కోసం ఈథన్, ఆ ఇంట్లో పెరిగిన మార్టిన్ ఏళ్ళ తరబడి తిరుగుతారు. ఇక్కడే మెలిక. కొంతకాలానికి మనకి అర్థమవుతుంది, ఈథన్ ఆ పిల్లని కాపాడటానికి వెతకట్లేదు. కొమాంచీల మధ్య పెరిగింది కాబట్టి చంపేయడానికి వెతుకుతున్నాడు. మార్టిన్ వెంట వెళ్ళేది ఆమెకి అడ్డుగా నిలబడటానికి.

1956లో ఈ సినిమా రిలీజైనప్పుడు చాలామంది దీన్ని ఇంకో మంచి జాన్ వేన్ వెస్టర్న్ అనుకున్నారు. ఒక్క ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. తర్వాత తరం మాత్రం దీన్ని ఇంకోలా చూసింది. 1976లో వచ్చిన 'టాక్సీ డ్రైవర్'లో దీని నీడ కనిపిస్తుంది. 1977 'స్టార్ వార్స్'లో ల్యూక్ తిరిగొచ్చి కాలిపోయిన ఇల్లు చూసే సీన్ గుర్తుందా? దాని మూలం ఇక్కడే ఉందంటారు. 2008లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దీన్ని అమెరికా వెస్టర్న్‌లన్నిటిలో మొదటి స్థానంలో పెట్టింది.

ఇప్పటి ప్రేక్షకుడికి మాత్రం ఇబ్బంది పెట్టే విషయాలు చాలా ఉన్నాయి. కొమాంచీ నాయకుడు స్కార్ వేషం వేసిన హెన్రీ బ్రాండన్ జర్మనీలో పుట్టిన తెల్లవాడు. షూటింగ్ జరిగింది టెక్సాస్‌లో కాదు, నవాహోల నేల మాన్యుమెంట్ వ్యాలీలో. కొమాంచీలుగా కనిపించేవాళ్ళలో చాలామంది నవాహోలే. మార్టిన్ పొరపాటున పెళ్ళి చేసుకున్న అమ్మాయిని కాలితో తన్నితే అది కామెడీ అట. మా వాడికి కోపం వచ్చిన సీన్ ఇదే. వాడి కోపం న్యాయమే.

కానీ ఒకటి గమనించండి. స్కార్ కూడా తన ఇద్దరు కొడుకుల్ని తెల్లవాళ్ళు చంపారనే పగతోనే ఉంటాడు. ఇద్దరూ ఒకే అద్దంలో బొమ్మలన్నమాట. చివరికి స్కార్‌ని చంపేది ఈథన్ కాదు, మార్టిన్. ఈథన్‌కి దొరికింది శవం. ఆ శవం తల చర్మం కోసుకుంటాడు, అంతే. ఏళ్ళ తరబడి మోసిన పగకి మిగిలింది అదే! అంటే నేను చెప్పిన "పగ తీర్చుకున్నాడు" అన్నదే తప్పు.

ఇప్పుడు అసలు చరిత్రకి వద్దాం. అలన్ లె మే 1954లో రాసిన నవల ఈ సినిమాకి ఆధారం. ఆ కథ వెనక తరచూ చెప్పే పేరు సింథియా ఆన్ పార్కర్. 1836 మే 19న టెక్సాస్‌లోని ఫోర్ట్ పార్కర్ మీద కొమాంచీలు, వాళ్ళతో కలిసిన ఇతర తెగలు దాడి చేశారు. ఐదుగురిని చంపి, ఐదుగురిని ఎత్తుకుపోయారు. అందులో సింథియా ఒకరు, అప్పటికి సుమారు తొమ్మిదేళ్ళ పిల్ల. పెదనాన్న జేమ్స్ పార్కర్ ఏళ్ళ తరబడి వెతికాడు, దొరకలేదు. ఆమె కొమాంచీగా పెరిగింది, పెటా నొకోనాని పెళ్ళి చేసుకుంది, ముగ్గురు పిల్లల తల్లయింది.

1860 డిసెంబర్‌లో టెక్సాస్ రేంజర్లు పీస్ నది దగ్గర ఆ శిబిరం మీద పడ్డారు. చంకలో పసిబిడ్డతో ఆమె దొరికింది. రేంజర్ల లెక్కలో అది రక్షణ. 1861లో టెక్సాస్ శాసనసభ ఆమెకి ఏటా 100 డాలర్లు, సుమారు 4,400 ఎకరాల భూమి మంజూరు చేసింది. ఆమెకి కావలసింది మాత్రం అది కాదు. తన కొడుకుల దగ్గరికి పారిపోవాలని చూసింది, పట్టుకొచ్చారు. ఆ రోజుల్లో తీసిన ఒక ఫోటో ఉంది. జుట్టు పొట్టిగా కోసి ఉంటుంది, బిడ్డ పాలు తాగుతూ ఉంటుంది. కొమాంచీల్లో అలా జుట్టు కోసుకోవడం అంటే ఎవరికోసమో ఏడుస్తున్నట్టు. కొన్నేళ్ళకే ఆ బిడ్డ చనిపోయింది, తర్వాత ఆమె కూడా. పెద్దకొడుకు క్వానా 1875లో ఫోర్ట్ సిల్‌లో లొంగిపోయి, కొమాంచీల ముఖ్య నాయకుడయ్యాడు. 1910లో తల్లి అస్థికలు తన దగ్గరికి తెప్పించుకున్నాడు. మరుసటి ఏడాది ఆమె పక్కనే అతన్నీ పూడ్చారు.

సినిమాలో డెబ్బీ కూడా మొదట మార్టిన్‌తో, వీళ్ళే నా వాళ్ళు, వెళ్ళిపో అంటుంది. చివర్లో మాత్రం ఈథన్ ఆమెని చంపకుండా చేతుల్లోకి ఎత్తుకోగానే కథ తేలిపోతుంది. సింథియాకి అలా తేలలేదు. రెండుసార్లు ఎత్తుకొచ్చారు, రెండుసార్లూ ఆమెని ఎవరూ అడగలేదు.

అందుకే మా రూమ్ గొడవలో నా తీర్పు ఇది. సినిమా గొప్పదే, అందులో జాత్యహంకారమూ నిజమే. పగబట్టినవాడి ముఖాన్ని ఇంత నిజాయితీగా చూపించిన సినిమాలు తక్కువ. కానీ ఆ పగ ఎవరి పేరు మీద నడిచిందో ఆ మనిషిని మాత్రం అది కూడా పూర్తిగా చూపించలేదు. 1971లో కృష్ణ గారి 'మోసగాళ్లకు మోసగాడు' నుంచి ఇప్పటిదాకా మనకీ పగ కథలంటే ఇష్టమే, నాకూ ఇష్టమే. ఈసారి అలాంటి సినిమా చూసినప్పుడు హీరో వైపే కాదు, ఎవరికోసం అంటున్నాడో వాళ్ళ వైపు కూడా ఒకసారి చూడండి. నేను మొదటిసారి చూడలేదు.

సరే అండీ, ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.